చూడీలు పోయిన నాడు

పోయిన నెల ఒకరోజు మా బిడ్డ సరిత, వాళ్ల నాన్న పాత సద్ది డబ్బా అటక మీది నుంచి దించిపెట్టమంది. ప్లాస్టిక్ డబ్బాలో మధ్యాహ్నానికల్లా కూర వాసన మారిపోతోందట. స్టూలు ఎక్కి, పాత దుప్పట్ల వెనక చెయ్యి పెట్టి వెతికితే మూడు గిన్నెల స్టీలు డబ్బా తగిలింది. పిడి పట్టుకుని ఇవతలికి లాగాను. లోపల ఏదో లొడలొడమంది. నేను స్టూలు మీదే ఆగిపోయాను. మూత తీయకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. ఎన్ని ఏళ్లయినా ఆ చప్పుడును నా చెవి మరిచిపోలేదు. అడుగు గిన్నెలో జామకాయంత నల్లటి చెక్క గుండు ఉంది. దాని కింద దిగ్గొట్టిన ఇనుప నట్టు, పైన అరచేతి రాపిడికి వచ్చిన నున్నదనం. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. గ్రీసు వాసన పోయింది కానీ మామిడికాయ తొక్కు వాసన ఇంకా కొంచెం మిగిలి ఉంది.

"ఇదేందే అమ్మా?" అంది సరిత కింద నిలబడి.

"మీ నాయన గుండు" అన్నాను.

ముందు గదిలో టీవీ ముందు కూర్చున్న వాళ్ల నాన్న బట్టతల వైపు చూసి, "నాయన గుండు గక్కడనే ఉన్నది గదా" అని కిసుక్కున నవ్వింది. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ వారమంతా నాకు నవ్వు రావడం లేదు. డోజరు రొదలో ఆయన చెవులు పోయాక ఆయన ఉద్యోగం సరితకు వచ్చింది. ఇన్నాళ్లూ ఆఫీసులో ఫైళ్లు మోసింది, నేను సుఖంగా నిద్రపోయాను. ఇప్పుడు ఆడవాళ్లు కూడా పెద్ద బండ్లు నడపొచ్చన్నారని తనే పేరిచ్చుకుని, ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చింది. ఆ వచ్చే సోమవారం నుంచి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపరు ఎక్కాలి. నాకు భయమేస్తే ఏడుపు రాదు, తిట్లు వస్తాయి. వారం రోజులుగా దువ్వెన ఎక్కడ పెట్టావని, బకెట్టు నిండా నీళ్లు ఎందుకు పట్టావని దాన్ని తిడుతూనే ఉన్నాను. ఈ గుణం నాలో ఎప్పటి నుంచి ఉందో ఆ గుండు చేతిలోకి వచ్చాక గుర్తొచ్చింది.

కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి నేను గోదావరిఖనికి కోడలుగా వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ పాసై, పుస్తకాల సంచీ ఒకటి, బట్టల పెట్టె ఒకటి పట్టుకుని రెండు గదుల క్వార్టర్‌లో దిగాను. గోడకు సున్నం వేసిన వారానికే అది బూడిద రంగుకు తిరిగేది. పొద్దున్నే క్వార్టర్ల లైను పొడుగునా బొగ్గుల పొయ్యిలు రాజేసేవారు. ఆ పొగ చీరలకు, జుట్టుకు, పెరుగుకు కూడా పట్టేది. పుట్టింటికి పోతే మా అమ్మ నా తల వాసన చూసి ముఖం తిప్పుకునేది. కానీ నేను అలవాటు పడలేకపోయింది పొగకు కాదు, గని సైరనుకు. షిఫ్టుకు మోగితే అది గడియారం. వేళగాని వేళ మోగిందా, నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లందరి చేతులూ ఒకేసారి ఆగిపోయేవి. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ నల్లా కట్టేవారు కాదు. ఎవరి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో మనసులో చూసుకుని, తమవాడు ఇంట్లోనే పడుకుని ఉన్నాడని గుర్తొచ్చినవాళ్లు ముందుగా ఊపిరి వదిలేవారు. వాళ్ల మీద మిగతావాళ్లకు అప్పుడు పుట్టే కోపం ఇంతా అంతా కాదు.

మా ఆయన డోజరు ఆపరేటరు. భూమి లోపలికి దిగే పని కాదు గదా, పైపైన మట్టి తోసే పని అని మా నాన్న సంబంధం ఖాయం చేసుకున్నాడు. బొగ్గు మీది మట్టిని తవ్వి లారీలు ఒకచోట గుట్టగా పోస్తాయి. ఆ గుట్ట పైకెక్కి, మట్టిని అంచు దాకా తోసి, లోయలోకి దొర్లించడం డోజరు పని. అంచు దగ్గర వెంటనే గేరు మార్చి వెనక్కి రావాలి. ఆలస్యమైతే మట్టితో పాటు బండీ పోతుంది. ఈ సంగతి ఆయన చెప్పలేదు. నల్లా దగ్గర పక్క లైను ఆమె చెప్పింది, చెబుతూ చెబుతూ మధ్యలో నా మొహం చూసి ఆపేసింది. ఆపేయడంతోనే నాకు మిగిలింది కూడా అర్థమైంది.

పెళ్లయిన మూడో నెలలో ఒకనాడు ఆయన అన్నం ముందు కూర్చుని చెంచా అడిగాడు. మా అత్త ఎల్లవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె నోటికి హద్దు లేదు.

"ఏందిరా, ఆఫీసరువైనవా? చెంచతోని తింటున్నవ్."

"చేతికి గ్రీసున్నదవ్వా" అన్నాడు ఆయన.

గ్రీసుంటే ఏనాడూ ఆగినవాడు కాదు. నేను పక్కన కూర్చుని ఆయన కుడిచేయి తిప్పి చూశాను. అరచేతి నడుమ అడ్డంగా సన్నటి గాట్లు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో గీరినట్టు ఉన్నాయి. కారం తగిలితే భగ్గుమనేవి, అందుకే చెంచా. ఆ డోజరు చాలా పాతది. దాని గేర్ రాడ్డు కొసన ఉండే గుండు పగిలి ఊడిపోయింది. అలాంటి సామాను స్టోరులో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. గుండు పోయాక రాడ్డు కొసన అది బిగిసే మరలు, ఆ పదునైన చుట్టు గీతలు మాత్రం మిగిలాయి. షిఫ్టు షిఫ్టంతా ఆ మరల మీద చెయ్యేసి గేర్లు మార్చేవాడు. బట్ట చుడితే జారుతుంది, చుట్టకపోతే కోస్తుంది.

"జారితే?" అన్నాను.

"జారది."

"అంచు కాడ జారితే?"

ఆయన చెంచాతో అన్నం కలుపుకున్నాడు. అత్త బియ్యం ఏరడం ఆపింది. లేచి, వంటగది మూల నుంచి తన రోకలి తీసుకొచ్చి ఆయన ముందు పడేసింది. చండ్ర కర్ర, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, నడుమ చీలి ఉంది. "గిది ఇనుమసొంటి కట్టె. కోపిచ్చుకోని గుండు చేపిచ్చుకో. నేను ఇంక దంచేది ఏమున్నది" అంది. మరునాడు నా ఒళ్లు రుద్దుకునే సబ్బు మీద పళ్లతో కొరికినట్టు గీతలు కనిపించి, ఎలుక కొరికిందని నేను నానా మాటలూ అన్నాను. తీరా చూస్తే, ఆ సబ్బు బిళ్ల ఆయన డ్యూటీకి పట్టుకుపోయి, రాడ్డు మరలకు అదిమి అచ్చు తెచ్చాడు. బజారులో లేతు మిషను నడిపే జాఫర్ చాచా ఆ అచ్చు చూసి దానికి సరిపోయే నట్టు వెతికి, రోకలి ముక్కను గుండ్రంగా తీసి, నట్టును అందులో దిగ్గొట్టి ఇచ్చాడు.

ఆ డోజరును మూడు షిఫ్టుల్లో ముగ్గురు నడిపేవారు. ఎవరి గుండు వాళ్లది. వదిలి వస్తే మళ్లీ కనపడదని షిఫ్టు దిగేటప్పుడు విప్పి ఇంటికి తెచ్చుకునేవారు. మా ఆయన పొద్దున పోయేటప్పుడు గుండు సంచీలో డబ్బా పక్కన ఉండేది. వచ్చేటప్పుడు ఖాళీ అడుగు గిన్నెలో వేసుకునేవాడు. సైకిలు మా లైను మలుపు తిరిగి గతుకులో పడగానే లొడలొడ వినిపించేది. మనిషి ఇంకా కనపడడు, చప్పుడే ముందొచ్చేది. అది వినగానే నేను పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టేదాన్ని. గుండు తీసి బూడిదతో తోమి, గుడ్డతో తుడిచి మళ్లీ సంచీలో వేయడం నా పని. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. చప్పుడు ఆలస్యమైన రోజుల్లో మాత్రం నేను చేసిన వంట మనుషులు తినేలా ఉండేది కాదు. ఒకసారి పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను, ఒకసారి అసలు పప్పే వేయలేదు.

ఆ ఏడాది దసరాకు అత్త ఇంట్లో ఉన్న కత్తిపీట, గొడ్డలి, సైకిలు అన్నీ కడిగి వరసగా పెట్టింది. నా వైపు తిరిగి, "ఆ గుండు గూడ తే. మన ఇంట్ల అసలు ఆయుధం అదే" అంది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన జమ్మాకు ఉంచాం. పండగ నాడు నాకు కొత్త గాజులు కూడా తొడిగించింది, చేతికి డజను చొప్పున ఆకుపచ్చవి. మరునాడు ఆయనకు ఫస్టు షిఫ్టు. చీకటితోనే లేచి సద్ది కట్టాను. మిగిలిన గారెలు చిన్న స్టీలు డబ్బాలో పెట్టి సంచీలో వేశాను. ఆయన సంచీ అందుకుని, రోజూలాగే ఒకసారి ఊపి చూసుకున్నాడు. లోపల గారెల డబ్బా సద్ది డబ్బాకు తగిలి కడకడలాడింది. గుండే అనుకున్నాడు, వెళ్లిపోయాడు.

బాగా పొద్దెక్కాక పూజ దగ్గర ఊడుద్దామని వంగితే జమ్మాకు కింద గుండు, నొసట కుంకుమతో అక్కడే ఉంది. చీపురు పక్కన పడేసి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో ఆ గాట్లు, గుట్ట అంచు, నల్లా దగ్గర ఆమె మధ్యలో ఆపేసిన మాట, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. తీసుకుపోవడం మరిచింది ఆయన కాదు, పెట్టడం మరిచింది నేను.

"ఏం గాదు పిల్లా. వాడేమన్న చిన్నపోరడా, బట్ట చుట్టుకుంటడు" అంది అత్త. అంటూనే గోడ వారనున్న నా చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు వేసింది. "పో. నేను ఇల్లిడిసి రాను. ఇంటికాడ ఒక మనిషుండాలె."

గుండు కొంగున ముడేసుకుని బస్సెక్కాను. దిగాక గని గేటు దాకా మట్టి రోడ్డు మీద నడక. పక్క నుంచి లారీలు పోతుంటే దుమ్ములో ముందు అడుగు కనపడేది కాదు. దూరంగా మట్టి గుట్ట మీద పసుపుపచ్చ బండ్లు చీమల్లా కదులుతున్నాయి. వాటిలో ఆగిపోయింది ఏదైనా ఉందా అని చూస్తూ నడిచాను. అన్నీ ఆగినట్టే కనిపించాయి, అన్నీ కదిలినట్టే కనిపించాయి. గేటు గదిలో నెరిసిన మీసాల చౌకీదారు ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఎవలు గావాలె బిడ్డా?"

"మా ఆయన."

"మీ ఆయన పేరేంది?"

మా ఇళ్లల్లో ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్లయినప్పటి నుంచి నేను ఆ పేరు ఒక్కసారీ అనలేదు. "డోజరు నడుపుతడు" అన్నాను.

"డోజరు నడిపేటోళ్లు మస్తుమంది ఉన్నరు. పేరు చెప్పకుంటె నేనెవల్ని పిలవాలె?"

కళ్లు మూసుకుని, "రాజలింగం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చౌకీదారు ఫోను తిప్పాడు. అవతలివాడు అరిచినట్టు మాట్లాడుతున్నాడు, నా దాకా వినిపిస్తోంది. ఇవతల బండ్ల రొద. ఆ రొదలో నాకు తెగి తెగి వచ్చిన మాటలు ఇవి: "రాజలింగందా... ఇంకేడిది... చూడీలు పోయినయ్... మొత్తం పోయినయ్..."

చౌకీదారు ఫోను పెట్టి నా మొహం చూశాడు. "కూసో బిడ్డా. నీళ్లు దాగుతవా?" అని లేచి కుండ వైపు పోయాడు.

మా ఊరికి గాజుల మూట మోసుకొచ్చే తురకామె "చూడీలు, చూడీలు" అని కేకేసేది. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం గాజులు, అదొక్కటే. గనుల దగ్గర చావు కబురును నేరుగా చెప్పరేమో, ఇలా చెప్పుకుంటారేమో అనుకున్నాను. ఫలానావాడి పెళ్లాం చూడీలు పోయాయంటే గేటు దగ్గర వాళ్లకు అర్థమవుతుంది, కూర్చోబెట్టి నీళ్లిస్తారు. ఆ బెంచీ మీద నా రెండు చేతులూ కొంగు కింద దాచుకున్నాను. ఆకుపచ్చ గాజులు చప్పుడు చేస్తే ఎవరైనా చూస్తారని భయం. పదోనాడు వాటిని పగలగొట్టడానికి ఎవరెవరు వస్తారో కూడా ఆలోచించాను. పేరు పలికాను గదా, పలకగానే అయిపోయింది అనుకున్నాను. గుండు మరిచిన పాపం ఒకటి, పేరు పలికిన పాపం ఒకటి. అత్తకు ఏ మొహంతో చెప్పాలి? ఆమె రోకలి ఇచ్చింది, నేను దాన్ని పూజలో వదిలేశాను. చౌకీదారు గ్లాసు తెచ్చాడు. కొంగు కింద నుంచి చెయ్యి తీస్తే గాజులు కనిపిస్తాయని, బెంచీ మీద పెట్టమని తలతోనే చూపించాను. అంత భయం నేను తర్వాత మళ్లీ ఎన్నడూ పడలేదు, కాన్పుల్లో కూడా.

"ఎందుకొచ్చినవ్ ఈడికి?"

తలెత్తితే ఎదురుగా ఆయన. మొహమంతా నూనె మరకలు, కుడిచేతికి మురికి గుడ్డ. గొంతులో కోపం. నేను కొంగు ముడి విప్పి గుండు అందించాను. కుంకుమ చెమటకు కరిగి నా అరచేయంతా ఎర్రగా అయింది.

"ఇప్పుడిదేం జేసుకోను? రాడ్డుకు చూడీలే పోయినయ్. బండి వర్క్‌షాపుల ఆపినం" అన్నాడు.

"ఏంది పోయినయ్?"

"చూడీలు. గీ మరలు. మిస్త్రీలు చూడీలంటరు." గుండు తిప్పి నట్టు లోపలి చుట్లను వేలితో చూపించాడు.

అప్పుడు నేను తిట్టడం మొదలుపెట్టాను. అంతవరకూ ఆయన ముందు తల ఎత్తి మాట్లాడనిదాన్ని, గేటు ముందు, పోయే లారీల కిటికీల్లోంచి జనం చూస్తుండగా, నోటికొచ్చిందల్లా అన్నాను. మీ మరలకు వేరే పేరే దొరకలేదా, ఆడవాళ్ల గాజులే కావలసి వచ్చాయా అన్నాను. ఆ మాట ఇంకోసారి నా చెవిన పడితే పుట్టింటికి పోతానన్నాను. ఆయన గుండులోని నట్టునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. చౌకీదారుకు ముందుగా అర్థమైంది. నా చేతుల వైపు చూసి, వెంటనే మొహం అటు తిప్పుకుని, "తోల్కపో రాజలింగం, ఇంటికి తోల్కపో" అన్నాడు.

జాఫర్ చాచా ఆ రాడ్డు కొసను లేతు మీద కొంచెం సన్నగా చెక్కి కొత్త మరలు తీశాడు. గుండులో పాత నట్టు పీకి చిన్న నట్టు దిగ్గొట్టాడు. గుండు కింద ఇంకో నట్టు బిగించాలని, అప్పుడు ఎంత అదిరినా వదులు కాదని చూపించాడు. మిగతా రెండు షిఫ్టుల వాళ్లకు కూడా అదే కొలతలో గుండ్లు చేసిచ్చాడు. జరిగిందంతా విని, "బిడ్డా, ఆ చూడీలు నేనేస్త గానీ, నీ చూడీలు అల్లా సల్లగ చూడాలె" అన్నాడు. మా ఇంట్లో అది పెద్ద నవ్వులాట అయిపోయింది. అత్త బతికినన్నాళ్లూ వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. నేను గేటు దగ్గర ఎలా కూర్చున్నానో కొంగు కింద చేతులు దాచుకుని చూపించేది. ఆమె పోయాక నేను చెప్పడం మొదలుపెట్టాను. తర్వాత కొన్నాళ్లు బడిలో పిల్లలకు పాఠం చెప్పిన రోజుల్లో, ఒక మాటకు రెండు అర్థాలుంటాయనడానికి ఉదాహరణగా కూడా వాడుకున్నాను.

పోయిన నెల ఆరోజు అటక మీది నుంచి గుండు దించాక సరితకు కూడా నవ్వుతూనే చెప్పాను. ఆయన టీవీ కట్టేసి వచ్చి, నా చేతిలోంచి గుండు తీసుకుని, అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. మా మాటలు ఆయనకు వినపడవు. చేతులు దాచుకోవడం చూసి ఏ కథో పోల్చుకున్నాడు. చెవులు పోయినవాళ్ల అలవాటు కొద్దీ గట్టిగా, రేషను సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఆ దినం నైటు షిఫ్టోని గుండు అడిగి తీస్కున్న. దాని చూడీ వేరే, వాడు గుడ్డపేలిక పెట్టి నెట్టుకొస్తుండె. నేను స్పానర్ పెట్టి తిప్పి జబర్దస్తి ఎక్కిచ్చిన. అంచు కాడ రివర్సు గుంజితె గుండు చేతులకొచ్చింది. బండి ముందలికే పోతున్నది. ఎట్ల తొక్కిన్నో బ్రేకు, ఆగింది. దిగి చూస్తె అంచుకు మంచం పొడుగంత జాగ ఉన్నది."

నేను చేతులతో అడిగాను, అప్పుడెందుకు చెప్పలేదని.

"చెప్తె నువ్వు తెల్లారి డ్యూటీకి పోనిస్తుంటివా?" అన్నాడు.

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. దాన్ని తలాపు నుంచి కాళ్ల దాకా చూశాను. గేటు దగ్గర నేను తప్పుగా విన్నానని ఇన్నేళ్లు అందరం నవ్వుకున్నాం. నేను విన్నదానికీ నిజంగా జరిగినదానికీ మధ్య ఉన్నది ఈ మంచం పొడుగే. సరిత మొహంలో నవ్వు పోయింది. నేను లేచి వంటగదిలోకి పోయి, గిన్నెలు మళ్లీ తోమాను.

సరిత బండిలో అలాంటిదేమీ లేదట. చల్లటి గాలి వచ్చే క్యాబిను, వెనకున్నది చూపించే కెమెరా, మీటలు అన్నీ మెత్తగా వేలితో నొక్కేవేనట. డ్యూటీ దిగగానే ఫోనులో మెసేజి పెడతానంది. ఆమె చెప్పినవన్నీ నిజమే. వాళ్ల నాన్న చేతిలా ఆమె అరచేయి కోసుకుపోదు, నేను గేటు దాకా పరిగెత్తనక్కర లేదు. అయినా మెసేజి గేటు నుంచి వస్తుంది, మనిషి రావద్దూ? సోమవారం పొద్దున రెండు గిన్నెల్లో అన్నం, కూర సర్ది, మూడోది ఖాళీగా ఉంచాను. ఎవరూ చూడకుండా గుండును అందులో పెట్టి డబ్బా బిగించాను.

మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకు ఫోను టింగుమంది. చూశాను, పక్కన పెట్టాను. సీరియల్ ఒకటి నడుస్తోంది, అందులో ఎవరు ఎవరిని ఎందుకు తిడుతున్నారో తెలియలేదు. చాలాసేపటికి మలుపు దగ్గర స్కూటీ స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగింది. లొడలొడ.

సరిత చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. తల నుంచి కాళ్ల దాకా దుమ్ము.

"అమ్మా, డబ్బాల నాయన గుండు ఉండిపోయింది. పొద్దంత ఒకటే సప్పుడు. నా బండికి దీన్ని యాడ పెట్టాలె?"

"యాడ పెట్టకు. డబ్బాలనే ఉండనియ్."

ఆమె స్టవ్వు వైపు చూసింది. "గీజరున్నది గదనే. గీ నీళ్లెవలికి?"

నేనూ చూశాను. పెద్ద గిన్నె నిండా నీళ్లు, కింద మంట. ఎప్పుడు వెలిగించానో నాకే తెలియదు.

"ఎవలికైతేంది? ఆ దుమ్ము కాళ్లతోని ఇల్లంత తొక్కుతున్నవ్, పోయి తానం జెయ్యి పో" అని తిట్టాను.